రేపు మీరుంటారా?

పోయిన నెల దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక ల్యాబ్ యజమాని ఫోన్ చేశాడు. మాకు తొలినాళ్ల కస్టమరు. ల్యాబులకి మేం చేసిచ్చే సాఫ్ట్‌వేర్‌లో పేషెంటు వయసు నెలల్లో వేసే సదుపాయం లేని రోజుల్లో, అంటే పసిపిల్లల రిపోర్టులన్నీ "వయసు: 0" అని ప్రింటయ్యే రోజుల్లో, తిట్టుకుంటూనే మమ్మల్ని భరించిన మనిషి. పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు అయ్యాక అసలు సంగతికొచ్చాడు.

"నువ్వేమన్న అనుకో తమ్మీ. కొత్త మెషీన్ ఇచ్చెటోళ్లు దాంతోని సాఫ్ట్‌వేర్ గూడ ఫ్రీగ ఇస్తమంటున్నరు. నేనెట్ల వద్దనాలె?"

నేనేమీ అనలేదు. అనుకోలేదని మాత్రం చెప్పను. కాసేపాగి ఆయనే ఇంకో మాటన్నాడు. "ఫ్రీ సంగతి పక్కన వెట్టు. గా కంపెనీకి దేశదేశాలల్ల ఆఫీసులున్నయ్. మీరేమో ఎనిమిది మంది. రేపు మీరు ఉంటరా?"

ఈ ప్రశ్నని నేను పన్నెండేళ్లుగా రకరకాల వేషాల్లో చూస్తున్నాను. పెద్ద ఆసుపత్రి పర్చేజ్ డిపార్ట్‌మెంటు "మూడేళ్ల టర్నోవర్ ఎంత?" అని అడిగితే అది ఇదే. పెళ్లిచూపుల్లో మా కంపెనీ పేరు విని మామగారు "పర్మనెంటేనా బాబూ?" అన్నదీ ఇదే. మామగారికి ఏదో ఒకటి చెప్పి గట్టెక్కాను. కస్టమరుకి ఏం చెప్పాలో తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

చిన్న కంపెనీ పెద్దవాటితో ఎలా పోటీ పడాలన్న విషయం మీద ఈ ఊళ్లో ప్రసంగాలకి కరువు లేదు. రాయదుర్గంలో స్టార్టప్‌ల కోసం పెట్టిన టీ-హబ్ కొత్త భవనం 2022లో తెరిచాక ఆ చుట్టుపక్కల నేనే నాలుగైదు విని ఉంటాను. వేగంగా కదలండి, కస్టమరుకి దగ్గరగా ఉండండి, పెద్దవాళ్లు చూడని మూల వెతుక్కోండి అంటారు. తప్పని అనను. కానీ మా కస్టమరు మమ్మల్ని వదిలేసింది మేం నెమ్మదిగా ఉన్నామనో, దూరంగా ఉన్నామనో కాదు. రేపు ఉండమేమోనని. ఆ భయానికి జవాబు లేకుండా మిగతావన్నీ ఎంత బాగా చేసినా లాభం లేదని నాకిప్పుడు అనిపిస్తోంది.

ఉచితంతో బేరం

ముందు ఆ "ఫ్రీ" సంగతి. ల్యాబుల వ్యాపారంలో దీన్ని రీజెంట్ రెంటల్ అంటారు. రక్తపరీక్షలు చేసే ఎనలైజర్ మెషీన్‌ని కంపెనీ డబ్బు తీసుకోకుండానే తెచ్చి పెడుతుంది. బదులుగా ల్యాబు కొన్నేళ్లపాటు ఆ మెషీన్‌లో పోసే రీజెంట్లని, అంటే పరీక్షకి వాడే రసాయనాల్ని, వాళ్ల దగ్గరే, ఒప్పుకున్న మోతాదుకి తగ్గకుండా కొనాలి. మెషీన్ ఖరీదంతా రీజెంట్ సీసాల్లో కలిసిపోతుంది. అందులోనే సాఫ్ట్‌వేర్ ఖరీదూ కలిసిపోతే కస్టమరు కంటికి అది సున్నా. మా ఏఎంసీ, అంటే సాఫ్ట్‌వేర్‌ని చూసుకున్నందుకు తీసుకునే మెయింటెనెన్స్ ఫీజు, మాత్రం ఏటా బిల్లు రూపంలో, జీఎస్టీతో సహా, కళ్లెదుటే ఉంటుంది.

ఇది మా ఒక్కరి గోడు కాదు. 2016 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఉద్యోగులు మాట్లాడుకునే చాట్ సాఫ్ట్‌వేర్ టీమ్స్‌ని ప్రకటించినప్పుడు, అప్పటికే అలాంటిదే అమ్ముతున్న స్లాక్ కంపెనీ న్యూయార్క్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన వేసి మరీ పోటీకి స్వాగతం పలికింది. ఆ ధీమాకి కారణం ఉంది, వాడేవాళ్లకి స్లాక్ అంటే నిజంగానే ఇష్టం. కానీ టీమ్స్ ఆఫీస్ ప్యాకేజీలో కలిసి వచ్చింది. ఎక్సెల్ కోసం కట్టే డబ్బులోనే అదీ ఉన్నప్పుడు వేరేదానికి మళ్లీ ఎందుకు కట్టాలని ఏ ఫైనాన్స్ మేనేజరైనా అడుగుతాడు. 2020 జులైలో స్లాక్ యూరోపియన్ కమిషన్‌కి ఫిర్యాదు చేసింది. ఆ డిసెంబరులోనే సేల్స్‌ఫోర్స్‌కి సుమారు 2,770 కోట్ల డాలర్లకి అమ్ముడుపోతున్నట్టు ప్రకటించింది. (ఇలాంటి ఓటమి మాకూ రావాలని మా పార్ట్‌నరు రోజూ దేవుణ్ణి మొక్కుతాడు.) టీమ్స్ లేని ఆఫీస్‌ని తక్కువ ధరకి అమ్ముతామని మైక్రోసాఫ్ట్ ఇచ్చిన హామీలకి కమిషన్ ముద్ర వేసేసరికి 2025 సెప్టెంబరు వచ్చింది. ఐదేళ్లు. మా బ్యాంకు ఖాతాలో ఐదు నెలల జీతాలకి సరిపడా ఉంటే ఆ నెల మేం స్వీట్లు పంచుకుంటాం.

కాబట్టి ధరతో పోటీ లేదు. సున్నాకంటే తక్కువకి అమ్మలేం. కొత్త సదుపాయాలతో పోటీ కూడా నాలుగు రోజుల ముచ్చటే. స్నాప్‌చాట్ కనిపెట్టిన స్టోరీస్‌ని 2016 ఆగస్టులో ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఉన్నదున్నట్టు దించేసింది. ఆ ఆలోచన ఘనత స్నాప్‌చాట్‌దేనని ఇన్‌స్టాగ్రామ్ అధిపతే ఒప్పుకున్నాడు కూడా. ఒప్పుకుంటే ఏం పోయింది, జనం అప్పటికే ఇటు వచ్చేశారు.

స్వామివారి పాదాలు

మరి మాకంటూ ఏముంది? రెండు సంగతులు చెబుతాను.

సూర్యాపేట దగ్గర ఒక ల్యాబులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత ఎనలైజర్ ఉంది. వెనకాల తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు. మాన్యువల్ లేదు, అమ్మినవాడు ఫోనెత్తడు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీని అడిగితే ఆ మోడల్ మా జాబితాలో లేదు అన్నారట. మా కుర్రాడొకడు రెండు రాత్రులు అక్కడే కూర్చుని, ఆ కేబుల్‌లోంచి వచ్చే అక్షరాల్ని ఒక్కొక్కటిగా చూసుకుంటూ, ఏది హిమోగ్లోబిన్ ఏది ప్లేట్‌లెట్లు అని విడదీసి మా సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చాడు. ఆ ల్యాబు ఇవాళ్టికీ మాతోనే ఉంది.

రెండోది దిల్‌సుఖ్‌నగర్ ఆయనదే. ఆయన లెటర్‌హెడ్ మీద పైన వెంకటేశ్వరస్వామి బొమ్మ ఉంటుంది. నిలువెత్తు బొమ్మ, శంఖచక్రాలతో సహా. మామూలు లెటర్‌హెడ్‌కి వదిలినంత జాగా వదిలితే రిపోర్టు మొదటి వరుస సరిగ్గా స్వామివారి పాదాల మీద పడేది. మేం పెట్టిన మొదటి రోజే గొడవ. "పాదాల మీద షుగర్ వడ్డది తమ్మీ, ఈ పాపం నాకా నీకా?" అని నిలదీశాడు. ఆయన ఒక్కడి కోసం ప్రతి ల్యాబు తన లెటర్‌హెడ్‌కి తగ్గట్టు పై మార్జిన్ మార్చుకునే వీలు పెట్టాం. తర్వాత చూస్తే అందరికీ అదే కావాలి. కొందరికి పాత స్టాకు లెటర్‌హెడ్లు వెయ్యి మిగిలి ఉంటాయి, కొందరికి కింద ముగ్గురు డాక్టర్ల సంతకాలకి చోటు కావాలి.

ఫాస్టింగ్ శాంపిళ్లకి జనం క్యూ కట్టేది పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది మధ్య. ఏ ల్యాబు సాఫ్ట్‌వేర్ అయినా సరిగ్గా ఆ రెండున్నర గంటల్లోనే మొరాయిస్తుంది, అదేం చిత్రమో. అప్పుడు ఫోనెత్తేది మేమే. చాన్నాళ్లు మా బలం ఇదేనని నమ్మాను, నలుగురికీ చెప్పాను.

తర్వాత ఆ సూర్యాపేట కుర్రాడు ఉద్యోగం మానేశాడు.

ఆ మాట చెప్పడానికి స్వీటు డబ్బాతో వచ్చాడు పాపం. గచ్చిబౌలి వైపు ఒక ఎంఎన్‌సీలో, మేమిచ్చేదానికి రెండింతల పైన జీతం. వద్దని ఎలా అంటాను? చిన్న కంపెనీకి పోటీ అంటే అందరూ కస్టమర్ల కోసం పోటీ అనుకుంటారు. ఈ ఊళ్లో అసలు పోటీ మనుషుల కోసం. మైక్రోసాఫ్ట్ 1998లోనే ఇక్కడ డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది. అమెజాన్ 2019లో నానక్‌రామ్‌గూడలో ప్రపంచంలోనే తన అతి పెద్ద ఆఫీసు భవనాన్ని తెరిచింది. వాళ్లకి మా పేరు కూడా తెలియదు, అయినా కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో టిఫిన్ సెంటర్ పైనున్న మా ఆఫీసుకి వాళ్లందరూ పోటీదారులే.

కుర్రాడు వెళ్లాక మూడు నెలలు నరకం చూశాం. ఏ మెషీన్‌కి ఏ సెట్టింగో సగం అతని బుర్రలోనే ఉంది. అతని పాత నంబరుకి ల్యాబులవాళ్లు నేరుగా ఫోన్ చేసేవారు. మంచివాడు కాబట్టి కొత్త ఆఫీసు క్యాంటీన్‌లోంచే జవాబు చెప్పేవాడు. నాకప్పుడు తెలిసొచ్చింది, కస్టమరు నమ్ముతున్నది మా కంపెనీని కాదు, ఆ పిల్లాణ్ణి. "రేపు మీరుంటారా" అన్న ప్రశ్నలో ఎగతాళి ఏమీ లేదు. ఆ మూడు నెలలు మేం దాదాపుగా లేము.

పొద్దున్నే ఫోనెత్తడం మంచి సేవే. ఆ మనిషి వెళ్లిపోతే సేవా పోతుంది, ప్రసంగాల్లో ఈ ముక్క చెప్పరు.

టాలీ వచ్చా?

ఇక్కడ నాకు అకౌంట్ల సాఫ్ట్‌వేర్ టాలీ గుర్తొస్తుంది. 1986లో బెంగళూరులో ఒక తండ్రీ కొడుకూ మొదలుపెట్టిన కంపెనీ. వ్యాపారం లెక్కలన్నీ చూసే పెద్ద పెద్ద విదేశీ ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, బేగంబజార్ దుకాణంలో గుమాస్తా ముందు ఈ రోజుకీ ఉన్నది టాలీయే. టాలీ వాడేవాళ్లకి పొద్దున్నే ఆరున్నరకి బెంగళూరు నుంచి ఎవరూ ఫోనెత్తరు. ఎత్తాల్సిన అవసరమూ లేదు. పక్క దుకాణంలో అకౌంటెంటుకి వచ్చు, ట్యాక్సులు చూసే ఆయనకి వచ్చు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులు చూడండి, బీకాం పాసైన పిల్లలు టాలీ నేర్చుకునే గదులు ఎన్ని ఉంటాయో. "టాలీ వచ్చా?" అన్నది ఉద్యోగానికి వెళ్తే అడిగే మొదటి ప్రశ్న. దాని గురించిన జ్ఞానం కంపెనీ గోడలు దాటి ఊరంతా పరుచుకుంది. అలాంటి సరుకుని అమ్మేవాణ్ణి "రేపు ఉంటావా" అని ఎవరూ అడగరు.

మేం టాలీ కాలేం. తెలంగాణలోని ల్యాబ్ టెక్నీషియన్లందరికీ మా సాఫ్ట్‌వేర్ నేర్పే స్తోమత మాకు లేదు. కానీ అందులోంచి ఒక ముక్క తీసుకోవచ్చు కదా అనిపించింది. కస్టమరు మా మీద ఆధారపడే పని ఎంత తగ్గిస్తే మా మీద భయం అంత తగ్గుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు దారి ఒకటుంది. మా పార్ట్‌నరు చాలాకాలం దాని పక్షమే. కస్టమరు కదలలేకుండా కట్టేయడం. డేటా మన ఫార్మాట్‌లోనే ఉంచు, బయటికి తియ్యాలంటే చుక్కలు కనిపించేలా చెయ్యి, ఇక ఎక్కడికి పోతాడు? ఈ కిటుకు పనిచేయదని చెప్పలేను. తెలుగువాళ్లకి దీని రుచి బాగా తెలుసు. తెలుగు యూనికోడ్‌లోకి 1991లోనే వచ్చింది. అయినా ఆ తర్వాత ఎన్నో ఏళ్లు మన డీటీపీ అంతా ఎవరి సొంత కోడుతో వాళ్లు చేసిన ఫాంట్లలోనే నడిచింది, ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే "శ్రీ" ఉండాల్సిన చోట ఒక బ్రాకెట్టు, రెండు డాలర్ గుర్తులు. మా నాన్న వాళ్ల ఊరి చరిత్ర మీద ఒక చిన్న పుస్తకం వేయించాడు. ఆ ఫైలిచ్చిన డీటీపీ షాపు ఇప్పుడు లేదు. కన్వర్టరులో పెడితే ఒత్తులన్నీ చెల్లాచెదురయ్యాయి. చివరికి అచ్చు పుస్తకం ముందు పెట్టుకుని మా చెల్లి మళ్లీ మొత్తం టైపు చేసింది.

ఆ నలభై రోజులు మా చెల్లి తిట్టిన తిట్లు విన్నాక, మా కస్టమరు నన్ను అలా తిట్టే రోజు రాకూడదనుకున్నాను. పైగా మా దగ్గరున్నవి రక్తపరీక్షల రిపోర్టులు. ఆ డేటా మాది కాదు, నిజానికి ల్యాబుదీ కాదు, పేషెంటుది. తాళం వెయ్యడానికి నేనెవర్ని?

తలుపు తీసి ఉంచితే

అప్పటి నుంచి ప్రతి ల్యాబులోనూ రాత్రి పదకొండింటికి మొత్తం రికార్డు మామూలు సీఎస్‌వీ ఫైళ్లుగా వాళ్ల సొంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కేలా చేశాం. ఎక్సెల్ తెలిసిన ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. మెషీన్ సెట్టింగులన్నీ కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ మెషీన్‌కే అంటించాం. ఏఎంసీ కట్టకపోయినా సాఫ్ట్‌వేర్ ఆగదు. కొత్త మార్పులు రావు, మేం ఫోనెత్తం, అంతే. రేపు మేం లేకపోయినా మీ ల్యాబు ఆగదు అని ఒప్పంద పత్రంలో తెలుగులో రాశాం. వకీలు ఇంగ్లీషులో రాసిచ్చింది మాకే అర్థం కాలేదు.

నష్టం వెంటనే కనిపించింది. ఆ ఏడాది పదకొండు ల్యాబులు ఏఎంసీ కట్టడం మానేసి సాఫ్ట్‌వేర్ మాత్రం హాయిగా వాడుకున్నాయి. మా పార్ట్‌నరు వారం రోజులు నాతో మాట్లాడలేదు. అతని కోపంలో న్యాయం ఉంది. నా సిద్ధాంతానికి ఎనిమిది ఇళ్ల అద్దెలు ముడిపడి ఉన్నాయి.

లాభం ఆలస్యంగా, వంకరగా వచ్చింది. కరీంనగర్ వైపు ఐదు బ్రాంచీలున్న ఒక ఆసుపత్రివాళ్లు పెద్ద కంపెనీల కొటేషన్ల పక్కన మాదీ పెట్టుకున్నారు. టర్నోవర్ దగ్గరే మా కథ ముగిసేది. వాళ్ల ఐటీ మేనేజరు మా ప్రెజెంటేషన్ని మధ్యలో ఆపి, ఆ పెన్‌డ్రైవ్ అడిగి తీసుకుని, తన ల్యాప్‌టాప్‌లో పెట్టి, ఒక ఫైలు తెరిచి ఐదు నిమిషాలు చదువుకున్నాడు. "మీరు పోయినా నా ఉద్యోగం పోదన్నమాట" అన్నాడు. ఆర్డరిచ్చాడు. (డబ్బు నూట నలభయ్యో రోజున వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకి 45 రోజుల్లోగా చెల్లించాలని 2006 చట్టం. గడువు దాటితే కట్టేదాకా ఆ ఖర్చు ఆదాయపు పన్ను లెక్కల్లో చూపించుకోనివ్వమని 2024 ఏప్రిల్ నుంచి ఇంకో నిబంధన. రెండూ మా అకౌంటెంటుకి కంఠతా వచ్చు. ఫోన్ చేసి గట్టిగా అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. మళ్లీ ఆర్డరు కావాలి కదా.)

పెద్దవాళ్లు మాత్రం ఉంటారా?

ఇంకో పక్క నుంచి కూడా చూడాలి. పెద్ద కంపెనీ రేపు ఉంటుంది, నిజమే. అది మీకమ్మిన సరుకు ఉంటుందా? తెలుగు బ్లాగులు చదివే పాతకాపులకి 2013 జులై 1 గుర్తుండే ఉంటుంది. బ్లాగుల్లో కొత్త టపాలన్నీ ఒకచోట చూపించే గూగుల్ రీడర్‌ని మూసేసిన రోజు. గూగుల్‌కి ఏమీ కాలేదు, పొద్దున్నే కాఫీతో తెలుగు బ్లాగుల్ని ఒకచోట చేర్చిన కూడలి, రీడర్ తిరగేసే మన అలవాటుకే గండి పడింది. మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లు పోసి 2011లో కొన్న స్కైప్‌ని 2025 మేలో మూసేసింది. అమెరికాలో ఉన్న కొడుకుతో మాట్లాడటానికి మా పెద్దమ్మ నేర్చుకున్న ఒకే ఒక్క సాఫ్ట్‌వేర్ అది.

అయితే గూగుల్ రీడర్ పోయినా నేను చదివే బ్లాగుల జాబితా పోలేదు. పోయే ముందు దాన్ని ఫైలుగా దింపుకోనిచ్చారు, ఇంకోచోట ఎక్కించుకున్నాను. అంత పెద్ద కంపెనీ దగ్గర కూడా చివరికి నన్ను ఆదుకున్నది దాని సైజు కాదు, ఆ ఫైలే.

నా వాదనకి ఎదురు నిలిచే ఉదాహరణ మన ఊళ్లోనే ఉంది. డార్విన్‌బాక్స్ 2015లో ఇక్కడ మొదలై, హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఎస్ఏపీ, ఒరాకిల్ లాంటివాళ్లకి ఎదురెళ్లి, 2022 జనవరికల్లా వంద కోట్ల డాలర్ల విలువ దాటింది. తలుపు తీసి ఉంచామని చెప్పుకుని కాదు, మంచి సరుకు చేసి, ఇన్వెస్టర్ల డబ్బుతో పెద్దదై. "రేపు ఉంటారా" అంటే మా వెనక ఎవరున్నారో చూడండి అనడం కూడా ఒక జవాబే. కాదనను. కానీ ట్విట్టర్‌కి పోటీగా వచ్చిన "కూ" యాప్ వెనకా ఇన్వెస్టర్లున్నారు, 2024 జులైలో మూతపడింది. ఆ జవాబు డబ్బున్నంత కాలమే చెల్లుతుంది. మాలాంటి ఎనిమిది మంది దగ్గరికి ఆ డబ్బు ఎలాగూ రాదు.

ఇదంతా ఓటమికి సిద్ధాంతం తొడుగు తొడగడమేమో అన్న అనుమానం నాకూ ఉంది. దిల్‌సుఖ్‌నగర్ ఆయన వెళ్లింది నేను తీసి ఉంచిన తలుపులోంచే. తాళం వేసి ఉంటే ఇంకో రెండేళ్లు ఉండేవాడేమో. రెండేళ్ల ఏఎంసీ చిన్న మొత్తమేమీ కాదు.

ఆయన ఫోన్ పెట్టేశాక మా పార్ట్‌నరు "డేటా అడిగితే మెల్లగా ఇద్దాం, రెండు వారాలు పట్టనీ" అన్నాడు. ఆయన అడగనే లేదు. వెళ్లి చూస్తే పెన్‌డ్రైవ్ సీపీయూ వెనకాలే ఉంది, దిష్టి తగలకుండా నల్లదారం కట్టి. కొత్త కంపెనీ మనిషి దాన్ని గుచ్చుకుని అప్పటికే తన పని తాను చేసుకుంటున్నాడు. నాకు టీ ఇచ్చారు. తాగి వచ్చేశాను.

మొన్న మంగళవారం పొద్దున ఆరూ నలభైకి ఫోన్ మోగింది. వెనకాల జనం గోల, ఎవరో చంటిపిల్ల ఏడుపు.

"తమ్మీ, ఏమనుకోకు. కొత్తదాంట్ల మల్ల స్వామి పాదాల మీద వడుతున్నయ్. కస్టమర్ కేర్‌కు ఫోన్ జేస్తే టికెట్ నంబరిచ్చిండ్రు. నువ్వు పైన ఎన్ని ఇంచులు వెట్టినవ్?"

రెండుముప్పావు అని చెప్పాను. పెన్ను కోసం వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది.